ఒక ఒరలో రెండు కత్తులు

పోయినవారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు నిలవనివ్వలేదు. వ్రాసినది కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి. సముద్రం పక్క ఊరు.

"అక్కయ్యగారూ! తుఫానుల రోజులు వస్తున్నాయని మావారు చిన్న జనరేటరు ఒకటి కొన్నారు. దాన్ని ఇంటికి కలపడానికి వైర్‌మన్‌ని పిలుద్దామంటే, 'ఈమాత్రానికి వైర్‌మనెందుకు? తీగకు రెండు కొసలా ప్లగ్గులు బిగించి, ఒకటి జనరేటరులోనూ ఒకటి గోడ సాకెట్టులోనూ గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది' అంటున్నారు. పక్కింటివాళ్ళు అలాగే చేసుకున్నారట. నాకెందుకో భయంగా ఉంది. ఇది ఉత్త పిరికితనమేనంటారా?" అని అడిగింది.

కాదమ్మా, పిరికితనం కాదు. ఈ వారం వ్రాద్దామనుకున్న వడియాల సంగతి పక్కన పెట్టి నీకే జవాబు వ్రాస్తున్నాను. ఎందుకంటే, నువ్వు చెప్పిన ఆ రెండు ప్లగ్గుల తీగ ఒకప్పుడు మా ఇంట్లోనూ ఉండేది. దాన్ని తయారు చేసినవాడు మా మరిది. చేయించిన పుణ్యంలో సగం వాటా నాది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడ్డ రోజు. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అంటే పేపర్లో చదవడం వేరు, తలుపు గడియ పట్టుకుని నలుగురూ నిలబడి వినడం వేరు. మర్నాడు తలుపు తీస్తే మా వీధిని మేమే పోల్చుకోలేకపోయాం. కొబ్బరిచెట్లు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు స్తంభాలు చెరుకుగడల్లా విరిగాయి. కరెంటు లేదు గనుక మోటారు లేదు, మోటారు లేదు గనుక నీళ్ళు లేవు. పాలు లేవు. ఫోన్లు ఒక్కొక్కటే కళ్ళు మూశాయి. ఫ్రిజ్‌లో మా అత్తగారి ఇన్సులిన్ సీసాలు ఉన్నాయి. మూడు రోజులు వాటిని తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టి కాపాడాను.

బుధవారం సాయంత్రానికి రాజమండ్రి నుంచి మా మరిది వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే లోకాన్నంతా విప్పి మళ్ళీ బిగించగలననుకునే రకం. కారు వెనక ఒక పెట్రోలు జనరేటరు, రెండు డబ్బాల పెట్రోలు, పెట్టెడు బిస్కట్లు తెచ్చాడు. మా పాలిటికి దేవుడే దిగివచ్చినట్లయింది.

"వదినా, ఫ్రిజ్ ఒక్కటీ ఆడితే చాలునా, ఇల్లంతా వెలగాలా?" అన్నాడు.

"ఇల్లంతా వెలిగితే ఎవరికి చేదు?" అన్నాను. అదీ నేను మూటగట్టుకున్న పుణ్యం.

ఇంకేం, నా పాత ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఒకటి, మూలపడ్డ మిక్సీ ప్లగ్గు ఒకటి తీసి ఒక తీగకు రెండు కొసలా బిగించాడు. జనరేటరును పెరట్లో పెట్టాడు. తీగ ఒక కొస దానిలో గుచ్చి, రెండవ కొస వరండా సాకెట్టు దగ్గరకు తెచ్చాడు. "మెయిన్ తీసెయ్యాలి సుమండీ, లేకపోతే మన కరెంటు బయటికి పోతుంది" అని కేకేశాడు. ఎవరినుద్దేశించి అన్నాడో ఎవరికీ తెలియదు. మావారు ముందుగదిలోంచి "ఊఁ" అన్నారు. నేను వంటింట్లోంచి "ఆఁ" అన్నాను. తాడు లాగాడు. ఇల్లంతా ఒక్కసారి వెలిగింది. మా అత్తగారు చేతులు జోడించి దీపానికి నమస్కారం పెట్టారు. నాలుగు రోజుల తరువాత ఫాను కింద కూర్చుని అన్నం తిన్నాం.

రాత్రి పదకొండుకు మావారు జనరేటరు ఆపించారు. "పొద్దున్నే ఒక్కసారి వెయ్యండి, చట్నీకి మిక్సీ తిప్పుకుంటాను" అని అడిగాను. "పెట్రోలు కోసం బంకుల దగ్గర జనం బారులు తీరి ఉంటే నీకు చట్నీ కావలసివచ్చిందా? పొడి వేసుకుని తిందాం" అన్నారు. ఆయన పిసినారితనాన్ని నేను చాలాసార్లు ఆడిపోసుకున్నాను గాని, ఆ ఒక్కసారి దానికి దణ్ణం పెట్టాలి. ఎందుకో చెబుతాను.

మర్నాడు మా వీధిలోకి లైన్‌మన్‌లు వచ్చారు. ఆ రోజుల్లో రాష్ట్రం నలుమూలల నుంచి వాళ్ళను పంపారు. మా వీధికి వచ్చినవాళ్ళు రాయలసీమవాళ్ళు. ఎండలో స్తంభాలు నిలబెట్టి తీగలు లాగుతున్నారు. మధ్యాహ్నం వాళ్ళలో ఒక కుర్రవాడు మంచినీళ్ళకు గుమ్మంలోకి వచ్చాడు. నీళ్ళకు కరువుగాని, పడ్డ చెట్ల పుణ్యమా అని కొబ్బరిబొండాలకు లోటు లేదు. ఒకటి కొట్టి ఇచ్చాను. తాగుతూ తాగుతూ వరండాలో మేకుకు వేలాడుతున్న తీగను చూశాడు. బొండాం కింద పెట్టేశాడు.

"అమ్మా, ఇదెవురు చేసినారు?"

"మా మరిది, నాయనా. రాత్రి ఇల్లంతా పట్టపగలల్లే ఉందంటే నమ్ము."

"రాత్రి మెయిన్ తీసినారా?"

"ఆఁ, తీశాం."

"ఎవురు తీసినారు?"

నాకు జవాబు తోచలేదు. మావారిని పిలిచాను. "నువ్వు తీశావనుకున్నానే!" అన్నారు. మా మరిది వంక చూశాను. "అన్నయ్య ఊఁ అన్నాడుగా, వదినా!" అన్నాడు. నలుగురం మీటరు దగ్గరకు వెళ్ళి చూశాం. మెయిన్ వేసినది వేసినట్లే ఉంది.

మా ఇంటికి వచ్చే సర్వీసు తీగ తుఫానులో స్తంభం దగ్గర తెగి, ప్రహరీగోడ మీదుగా రోడ్డు వైపు వేలాడుతూ ఉండేది. అంటే ముందురాత్రి మేము ఫాను కింద కూర్చున్నంతసేపూ ఆ తెగిన కొసలో 230 వోల్టుల కరెంటు ఉన్నదన్నమాట. పిల్లలూ పెద్దలూ చీకట్లో బిందెలు పట్టుకుని ఆ గోడ పక్కనుంచే ట్యాంకరు దగ్గరకు వెళ్ళారు.

ఆ కుర్రవాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పొద్దున ఏడు గంటలకు ఆ కొస నేనే చేత్తో పట్టుకుని చుట్ట చుట్టినానమ్మా" అన్నాడు. అంతే.

పొద్దున ఏడు గంటలంటే నేను చట్నీ చేసుకుందామనుకున్న వేళ.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. "మీరు తీగ పట్టుకునే ముందు చూసుకోరా, నాయనా?" అని అడిగాను, తప్పును కొంతైనా అవతలివాడి మీదికి నెడదామన్న బుద్ధితో. అతను ఓపిగ్గా చెప్పాడు. స్తంభం ఎక్కే ముందు ఎల్.సి. అని తీసుకుంటారట, లైన్ క్లియర్ అన్నమాట. సబ్‌స్టేషనులో ఆ లైను ఆపుతారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్చి తీస్తారు. తీగలను భూమికి కలుపుతారు. ఇన్ని చేసి అప్పుడు చెయ్యి వేస్తారు. "కానీ అమ్మా, కరెంటు అటునుంచి వస్తాదని మాకు తెలుసు. ఇటునుంచి వస్తాదని మాకెవురు చెప్తారు? తెగి కింద పడిన కొసను చచ్చిన కొసే అనుకుంటాం" అన్నాడు.

మా మరిది ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి, అతని ఎదుటే ఆ తీగను రెండు ముక్కలు చేశాడు.

ఇదీ జరిగిన కథ. ఇప్పుడు ఇందులోని కిటుకు చెబుతాను. ఆ సాయంత్రం మా మరిది తల వంచుకుని కాగితం మీద బొమ్మ గీసి నాకు చెప్పినదే ఇది.

మన వీధి చివర స్తంభాల మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద లైనులోని 11,000 వోల్టులను దించి మన ఇళ్ళకు 230 వోల్టుల చొప్పున పంచుతుంది. అది దింపడమే చేస్తుందని మనం అనుకుంటాం. కాని ఆ యంత్రానికి రాకపోకలు రెండూ ఒకటే. ఇటునుంచి 230 వోల్టులు పోస్తే అటువైపు పదివేల వోల్టుల పైచిలుకు లేస్తుంది. వీధి అందరి ఇళ్ళ బరువూ నెత్తిన పడి మన చిన్న జనరేటరు మూలిగి ఆగిపోతే అదృష్టమే. కాని తుఫానులో తీగలు ఎక్కడ తెగాయో, ఏ ఇంటికి ఏది తగులుతున్నదో ఎవరికి ఎరుక? బరువు లేని ముక్కలోకి మన కరెంటు హాయిగా పారుతుంది. మన గదిలో ఫాను తిరుగుతుంది, నాలుగు వీధుల అవతల ఒకడు ప్రాణం వదులుతాడు. పైకి ఎక్కకపోయినా, ఒట్టి 230 వోల్టులే మనిషిని చంపడానికి చాలు. సొంత జనరేటరు కరెంటు బయటి లైనులోకి పోకూడదని మన విద్యుత్ భద్రతా నిబంధనలు కూడా ఊరికే చెప్పలేదు.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. ఆ రెండు ప్లగ్గుల తీగలో ఒక కొస జనరేటరులో ఉండగా రెండవ కొస ఊడిందనుకోండి. ఆ ఇత్తడి పిన్నులలో కరెంటు ఉంటుంది. నేల మీద పాకే పిల్లవాడికి అది ఆటవస్తువు. ఒక్క సూత్రం గుర్తు పెట్టుకుంటే చాలు: కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ రంధ్రాలే ఉండాలి, పిన్నులు ఉండకూడదు. గోడ సాకెట్టుకు రంధ్రాలు, ఇస్త్రీపెట్టె తీగకు పిన్నులు ఎందుకు పెట్టారనుకున్నారు? అంచేతనే. పోనీ, ఎవరూ ముట్టుకోలేదనే అనుకుందాం. మన జనరేటరు నడుస్తుండగా, మెయిన్ వేసి ఉండగా, బయటి కరెంటు హఠాత్తుగా వచ్చిందా, రెండూ ఢీకొంటాయి. జనరేటరు కాలిపోవచ్చు, తీగలు అంటుకోవచ్చు.

"అయితే మెయిన్ తియ్యడం మరిచిపోకుండా ఉంటే సరి గదా?" అంటారు. నువ్వు అడగకపోయినా మీవారు అడుగుతారు. ఈ వారం నేను చెప్పదలచిన మాట అంతా ఇక్కడే ఉంది. మావారు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. నేను పాలు పొయ్యిమీద పెట్టి వీధిలో కూరలు బేరం చేస్తూ నిలబడతాను. మా మరిది కారు తాళం కారులోనే పెట్టి తలుపు వేసుకున్నవాడు. ముగ్గురం తెలివితక్కువవాళ్ళం కాము. మెయిన్ తియ్యాలని ముగ్గురికీ తెలుసు. తెలిసి కూడా తియ్యలేదు. జ్ఞాపకం మీద ఆధారపడే జాగ్రత్త, జాగ్రత్త కాదు. మనం మరిచిపోయినా ప్రమాదం జరగకుండా ఉండే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు రెండు విధాలు.

మొదటిది చాలా సులువు. ఇంటి తీగలకు జనరేటరును అసలు కలపనే కలపకండి. మంచి రకం, అతుకులు లేని మూడు తీగల ఎక్స్‌టెన్షను ఒకటి తెచ్చుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిశ్చింత. జనరేటరు సాకెట్టు నుంచి తిన్నగా ఇంట్లోకి తెచ్చి, దానికే ఫ్రిజ్, ఒక టేబుల్ ఫాను, ఒక దీపం, ఫోన్ల ఛార్జర్లు పెట్టుకోండి. గోడ సాకెట్ల జోలికి పోనక్కరలేదు. బయటి లైనుకూ మనకూ సంబంధమే లేదు గనుక లైన్‌మన్‌కు మనవల్ల భయం లేదు. ఆ రోజు ఫ్రిజ్ ఒక్కటీ చాలునా అని మా మరిది అడిగినప్పుడు చాలునని అనవలసినది నేను. ఏడాదికి రెండు మూడు రోజుల అవసరానికి ఈ పద్ధతి చాలు.

రెండవది, ఇంటి ఫానులూ దీపాలూ ఎక్కడివక్కడ వెలగాలనుకునేవారికి. దీనికి చేంజోవర్ స్విచ్ అని ఒకటి ఉంది. ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాలలో దొరుకుతుంది. దానికి ఒకే పిడి, మూడు స్థానాలు. 1 దగ్గర పెడితే ఇంటికి బయటి కరెంటు. 2 దగ్గర పెడితే జనరేటరు కరెంటు. నడుమ 0 దగ్గర ఏదీ లేదు. 1 నుంచి 2కు పోవాలంటే 0 మీదుగా పోవలసిందే. ఇల్లు ఒకేసారి రెండింటికీ తగలడమన్నది అందులో కుదరనే కుదరదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు ఊరికే అన్నారా? ఈ స్విచ్చి అచ్చంగా ఆ ఒర. మనకు జ్ఞాపకం ఉన్నా లేకపోయినా, కునికిపాట్లు పడుతూ తిప్పినా, చీకట్లో తడుముకుని తిప్పినా అది ఒక కత్తినే పట్టనిస్తుంది.

దీన్ని బిగించడం మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్ పని. ఈ విషయంలో మరుదులనూ బావమరుదులనూ నమ్మవద్దు. కాని పక్కన నిలబడి ఈ నాలుగు సంగతులు అడిగి చేయించుకోవచ్చు:

స్విచ్చి ఎక్కడ పెడుతున్నాడు? మీటరు, మెయిన్ దాటిన తరువాత, గదులకు తీగలు విడిపోయే పెట్టెకు ముందు ఉండాలి.

ఎన్ని తీగలను మారుస్తుంది? మామూలు సింగిల్ ఫేజు ఇంటికి ఫేజు, న్యూట్రల్ రెండూ మారే రెండు పోళ్ళ స్విచ్చి కావాలి. "న్యూట్రల్‌లో కరెంటు ఉండదు గదా" అని ఒక్క తీగనే మార్చి ఊరుకోనివ్వకండి. న్యూట్రల్ కలిసి ఉంటే బయటి లైనుకు ఇంకా ఒక దారి మిగిలి ఉన్నట్లే. త్రీ ఫేజు ఇంటికి నాలుగు పోళ్ళది కావాలి. స్విచ్చి మీద వ్రాసిన ఆంపియర్లు మీ మెయిన్‌కు తక్కువ కాకూడదు.

జనరేటరు తీగ ఎక్కడ తగులుతుంది? గోడ బయట మూత ఉన్న పెట్టెలో పిన్నులు బిగించి, వాటి మీదికి రంధ్రాలున్న కొస వచ్చేలా చేయించుకోండి. అప్పుడు ఊడినా పిన్నులలో కరెంటు ఉండదు.

ఎర్త్ సంగతేమిటి? జనరేటరు ఇనుప చట్రానికి పచ్చ తీగతో ఇంటి ఎర్త్ కలపాలి. మన దేశంలో ఇంటి తీగలలో పచ్చది ఎర్త్, నల్లది న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ అంటకుండా తేలుతూ ఉంటుంది. దాన్ని ఎర్త్‌కు కలపాలా, ఎక్కడ కలపాలి అన్నది యంత్రాన్ని చూసి వైర్‌మన్ తేల్చాలి. ఇది సరిగా లేకపోతే షాకు తగిలినప్పుడు కరెంటు ఆపవలసిన ఆర్.సి.సి.బి. ఇంట్లో ఉండీ లేనట్లే.

"మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, దానికి ఈ తతంగమంతా లేదే?" అనవచ్చు. ఉంది. బయటి కరెంటు పోగానే దానంతట అదే మార్చుకునే స్విచ్చి ఇన్వర్టరు పొట్టలోనే ఉంటుంది. చిన్న జనరేటరుకు అది లేదు. మనం పెట్టాలి, అంతే తేడా.

ఇక నడిపే వరస. కరెంటు పోగానే ముందు ఇంట్లో స్విచ్చిలన్నీ ఆపండి. పిడిని 0 మీదికి తిప్పండి. బయట జనరేటరును నడిపించి రెండు మూడు నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వండి. పిడిని 2 మీదికి తిప్పి, ఒక్కొక్క వస్తువే వేసుకోండి. ముందు ఫ్రిజ్, అది కుదురుకున్నాక ఫానులు, దీపాలు. ఆపేటప్పుడు ఇదే వెనకనుంచి ముందుకు: వస్తువులు ఆపి, పిడిని 0కు తెచ్చి, జనరేటరు ఆపి, ఆ తరువాత 1. బయటి కరెంటు వచ్చినదీ లేనిదీ తెలియడానికి స్విచ్చికి ముందు ఒక చిన్న ఎర్ర దీపం పెట్టించుకుంటే పక్కింటివాళ్ళను కేకేసే పని ఉండదు.

ఎంత బరువు మోయగలదు? మా మరిది తెచ్చినటువంటి 2 కె.వి.ఎ. యంత్రం 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు లోపే ఇస్తుంది. లెక్క చూడండి. ఎల్.ఇ.డి. దీపం 9 వాట్లు. మామూలు ఫాను 75 వాట్లు. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150, 200 వాట్లే తీసుకుంటుంది గాని, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు అడుగుతుంది. ఒక హార్స్‌పవర్ నీళ్ళ మోటారు కూడా అంతే. అది తిరగాలంటే మిగతావన్నీ ఆపి, దాన్ని ఒక్కదాన్నే వెయ్యాలి. అప్పటికీ ఆ యంత్రం లేవదియ్యకపోవచ్చు. గీజరు 2,000 వాట్లు. ఇస్త్రీపెట్టె 1,000 వాట్లు. ఈ రెండింటినీ ఆ నాలుగు రోజులూ మరిచిపోండి. నలిగిన చీర కట్టుకున్నారని తుఫాను రోజుల్లో ఎవరూ నవ్వరు.

కరెంటు సంగతి ఎంతో, పొగ సంగతి అంత. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాణ్ణి నిద్రలోనే తీసుకుపోతుంది. వాన పడుతోందనీ, దొంగలు ఎత్తుకుపోతారనీ వరండాలోనో, మెట్ల కిందనో, అపార్టుమెంటు సెల్లారులోనో పెట్టవద్దు. కిటికీలు తెరిచి ఉంచితే సరిపోతుందనుకోవద్దు. ఇంటికి 20 అడుగులకు తక్కువ కాకుండా ఆరుబయట పెట్టి, పొగగొట్టం ఇంటి వైపుకీ పక్కింటి కిటికీ వైపుకీ తిరగకుండా చూడండి. తడవకుండా పైన రేకు ఉండాలి, చుట్టూ గోడలు ఉండకూడదు. కింద నాలుగు ఇటుకల అరుగు ఉంటే నీళ్ళు చేరవు. జనరేటరు నడుస్తుండగా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వచ్చాయా, కాఫీ పెట్టుకుంటూ కూర్చోకండి. అందరూ ముందు బయటి గాలిలోకి వెళ్ళండి. తరువాత డాక్టరు.

పెట్రోలు పొయ్యవలసివస్తే యంత్రం ఆపి, చల్లారనిచ్చి పొయ్యండి. వేడి ఇంజను మీద ఒలికిన పెట్రోలు అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కరలేదు. డబ్బాను వంటింట్లో గ్యాసు పక్కనా, దేవుడి దీపం దగ్గరా పెట్టవద్దు. తడిచేతులతో తీగలు ముట్టవద్దు.

ఇవన్నీ చెప్పాక, నీ ప్రశ్నకు తిరిగి వస్తానమ్మా. పక్కింటివాళ్ళు అలాగే చేసుకున్నారనీ, ఏమీ కాలేదనీ అంటున్నావు. మాకూ ఏమీ కాలేదు. మేము చేసిన పని మంచిదై కాదు, మావారికి పెట్రోలు మీద ప్రేమ ఎక్కువై. పిసినారితనం ప్రతి ఇంట్లోనూ సమయానికి ఆదుకోదు.

ఆ తరువాత మూడు రోజులకు మా వీధికి కరెంటు వచ్చింది. అందరం బయటికి వచ్చి చప్పట్లు కొట్టాం. మా కుర్రవాడు అప్పటికి ఇంకో పేట స్తంభాలెక్కడానికి వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదని ఇప్పటికీ నొచ్చుకుంటాను. ఆ డిసెంబరులోనే వైర్‌మన్‌ని పిలిచి చేంజోవర్ స్విచ్ పెట్టించాం. దాని కింద మా మరిది తన చేత్తో ఒక చీటీ వ్రాసి అంటించాడు: "ఎవరు తీశారు?" అని. మా ఇంటికి వచ్చిన చుట్టాలు అది ఏమిటని అడుగుతారు. ప్రతివారికీ ఈ కథ చెబుతాను. ఈ వారం మీ అందరికీ చెప్పాను.

మీవారికి ఈ కాలమ్ చదివి వినిపించు. "నేను మరిచిపోనులే" అని ఆయన అంటే వాదన పెట్టుకోకు. పోయిన వానల్లో కొన్న గొడుగు ఇప్పుడెక్కడుందో మెల్లిగా అడుగు. తరువాత వైర్‌మన్‌కు కబురు చెయ్యి.

వడియాల సంగతి వచ్చేవారం.